కుక్కపిల్ల ముక్కు మీద మానని పుండు: జన్యు పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు

కోలీ, షెల్టీ జాతుల కుక్కపిల్లలను తెచ్చుకునే ఇళ్లు ఇప్పుడు బెంగళూరు, హోసూరు, కోయంబత్తూరు వంటి చోట్ల కనిపిస్తున్నాయి. పొడుగు ముక్కు, మెడ చుట్టూ గుబురుగా జూలు, చెప్పిన మాట ఇట్టే అర్థం చేసుకునే తెలివి. పిల్లలున్న ఇంట్లో ఇంతకంటే మంచి కుక్క ఉండదనిపిస్తుంది. తెచ్చిన నెలా రెండు నెలలకు ముక్కు మీద చిన్న పొక్కు లేస్తుంది. కంటి చుట్టూ వెంట్రుకలు రాలతాయి, చెవి అంచులు పొరలు కడతాయి, తోక కొస బోడిగా మారుతుంది. గజ్జి అనుకుని మందు రాస్తాం. తగ్గదు.

ఇక్కడి నుంచి ఇంటివాళ్లకు అయోమయం మొదలవుతుంది. ఆస్పత్రిలో మాట కన్నడంలోనో తమిళంలోనో నడుస్తుంది. అమ్మినవాళ్లు వాట్సాప్‌లో పంపే రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం తెలుగులో అడుగుతారు: "ఇది మన పిల్లలకు అంటుకుంటుందా? బతుకుతుందా? ముందే తెలుసుకునే దారి లేదా?" ఆ మూడు ప్రశ్నలకు తెలుగులో జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ జబ్బు ఏమిటి?

కోలీలు, షెల్టీల్లో వంశపారంపర్యంగా వచ్చే ఈ జబ్బు పేరు డెర్మటోమయోసైటిస్. చర్మం, కండరం, వాటికి రక్తం అందించే సన్నని నాళాలు వాచిపోయే జబ్బు ఇది. బయటి నుంచి వచ్చే క్రిములతో పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి సొంత ఒంటి మీదకే తిరగబడుతుంది. కాపలా కుక్క ఇంటివాళ్లనే కరిచినట్టు అనుకోండి. ఇలాంటి జబ్బులను ఆటోఇమ్యూన్ జబ్బులంటారు. మనుషుల్లో చిన్నపిల్లలకు అరుదుగా వచ్చే జబ్బుకు కూడా ఇదే పేరుంది. అందుకే పిల్లల వ్యాధులు చదివే శాస్త్రవేత్తలకు కూడా ఈ కుక్కల మీద ఆసక్తి ఎక్కువ.

సాధారణంగా పిల్ల పుట్టిన రెండో నెల నుంచి ఆరో నెల లోపు లక్షణాలు బయటపడతాయి. ముఖం, చెవుల కొసలు, ముందు కాళ్లు, తోక కొస, ఎముక చర్మానికి దగ్గరగా ఉండి రాపిడి పడే చోట్లు ముందుగా దెబ్బతింటాయి. ఎర్రదనం, పొరలు, పక్కులు, వెంట్రుకలు రాలడం, మానినా మిగిలిపోయే మచ్చలు కనిపిస్తాయి. దురద మాత్రం పెద్దగా ఉండదు. గజ్జి పట్టిన కుక్క రాత్రంతా గోక్కుంటుంది, ఈ జబ్బున్న కుక్క చాలాసార్లు గోక్కోదు. ఇది గమనించాల్సిన తేడా.

తేలికపాటి జబ్బయితే ఏడాది తిరిగేసరికి చిన్న మచ్చ మిగిల్చి దానంతట అదే సద్దుమణగవచ్చు. తీవ్రమైతే దవడ కండరాలు, నుదుటి కండరాలు కరిగిపోతాయి. నమలడం, నీళ్లు తాగడం, మింగడం కష్టమవుతుంది. ఆహారనాళం సాగిపోయి తిన్నది వెనక్కి వచ్చేస్తుంది. ఒకే కాన్పు పిల్లల్లో ఒకదానికి చిన్న మచ్చ, ఇంకొకదానికి ప్రాణం మీదకు వచ్చే జబ్బు, మూడోదానికి ఏమీ లేకపోవడం జరుగుతుంది. ఈ తేడా ఎందుకో అర్థం కాక పెంపకందారులు ఏళ్ల తరబడి తలలు పట్టుకున్నారు.

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే చెప్పవచ్చు. ఈ జబ్బు మనుషులకు గానీ వేరే కుక్కలకు గానీ అంటుకోదు. అయితే దీనిలాగే కనిపించే తామర, ఒక రకం గజ్జి మాత్రం అంటుకుంటాయి. కాబట్టి డాక్టరు ఏదో తేల్చేవరకు పిల్లలను కుక్క ముఖానికి ముఖం ఆనించనివ్వకండి. ముట్టుకున్నాక చేతులు కడిగించండి.

ముందు గజ్జి మందు వేయించే తొందర వద్దు

ఇది చదివి వెంటనే గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. మన దగ్గర కుక్క ముఖం మీద వెంట్రుకలు రాలితే చాలామందికి ముందుగా గుర్తొచ్చే మందు ఐవర్‌మెక్టిన్. వీధి కుక్కలకు, నాటు కుక్కలకు ఈ మందు గజ్జి తగ్గించి మేలు చేసిన మాట నిజం. కానీ కోలీలు, వాటి బంధు జాతుల్లో చాలా కుక్కలకు ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది. మెదడులోకి వచ్చిన కొన్ని మందులను తిరిగి బయటకు నెట్టే కాపలాదారు ఆ జన్యువు. ఆ కాపలా లేని కుక్కకు గజ్జికి వాడే మోతాదులో ఐవర్‌మెక్టిన్ ఇస్తే మెదడుకు విషంలా పనిచేస్తుంది. తూలడం, చూపు తప్పడం, వణుకు, కోమా, చివరికి చావు.

ఈ లోపాన్ని 2001లో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో కట్రీనా మీలీ బృందం కనిపెట్టింది. అక్కడి లెక్కల ప్రకారం కోలీల్లో సుమారు 70 శాతం, షెల్టీల్లో సుమారు 15 శాతం కుక్కలు ఈ లోపపు రూపాన్ని కనీసం ఒకటైనా మోస్తున్నాయి. దీనికీ జన్యు పరీక్ష ఉంది. ఇది మనం మాట్లాడుకుంటున్న చర్మవ్యాధికి చేసే పరీక్ష కాదు, రెండూ వేరువేరు. కానీ రెండు జాతులూ అవే, ముఖం మీద మచ్చ చూసి పొరపడే సందర్భమూ అదే. అందువల్ల డాక్టరు సూది తీసే లోపే ఒక్క మాట చెప్పండి: "ఇది కోలీ జాతండీ, ఎండీఆర్1 పరీక్ష చేయించలేదు." ఈ ఒక్క మాట కుక్క ప్రాణం కాపాడవచ్చు. గజ్జి ఉన్నట్టు తేలినా ఈ కుక్కలకు వాడదగిన వేరే మందులున్నాయి.

జబ్బు నిర్ధారణకు ముందుగా చర్మాన్ని గీకి పురుగు ఉందేమో చూస్తారు, తామర పరీక్ష చేస్తారు. అవి కావని తేలితే మచ్చ ఉన్న చోట నుంచి చిన్న చర్మం ముక్క తీసి ప్రయోగశాలకు పంపుతారు. దాన్నే బయాప్సీ అంటారు. ఇప్పుడున్న పుండు డెర్మటోమయోసైటిసా కాదా అని తేల్చేది బయాప్సీ. ఈ కుక్కకు ఆ జబ్బు వచ్చే అవకాశం ఎంత అని చెప్పేది జన్యు పరీక్ష. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

మూడు చోట్ల దాగిన కారణం

ఒక జన్యువు చెడితే ఒక జబ్బు వస్తుందని మనం బడిలో చదువుకున్నాం. ఈ జబ్బు ఆ లెక్కకు లొంగలేదు. అమెరికాలో దక్షిణ కెరొలినా రాష్ట్రంలోని క్లెమ్సన్ యూనివర్సిటీలో లీ ఆన్ క్లార్క్ బృందం కోలీలు, షెల్టీల డీఎన్ఏను పోల్చి చూసి 2017లో ప్లాస్ జెనెటిక్స్ పత్రికలో ఫలితం ప్రకటించింది. కారణం ఒక చోట లేదు, మూడు చోట్ల ఉంది. 10వ క్రోమోజోము మీద ప్యాన్2 అనే జన్యువు, 31వ క్రోమోజోము మీద మ్యాప్3కే7సీఎల్ అనే జన్యువు, రోగనిరోధక శక్తికి సంబంధించిన డీఎల్ఏ-డీఆర్‌బీ1 అనే జన్యువులో ఒక ప్రత్యేక రూపం. ఈ మూడూ కలిసి ఒకదాని మీద ఒకటి బరువు పెడతాయి. దానికి బయటి నుంచి ఏదో ఒక తాకిడి తోడైనప్పుడు జబ్బు పైకి వస్తుంది.

రిపోర్టుల్లో ఈ మూడింటినీ ఏ, బీ, సీ అని రాస్తారు. ప్రతి జన్యువూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులుగా వస్తుంది. కాబట్టి ఒక్కో చోట ప్రమాదకరమైన రూపం అసలు లేకపోవచ్చు, ఒకటి ఉండవచ్చు, రెండూ ఉండవచ్చు. మూడు చోట్లకు లెక్కేస్తే 27 రకాల కలయికలు వస్తాయి. ఆ కలయికను బట్టి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని ప్రమాదాన్ని విడదీస్తారు. ఒకే కాన్పులో ఒక పిల్ల బాగుండి ఇంకొకటి బాధపడటం ఎందుకో దీనితో తెలిసింది. ఒకే ఇంట్లో పుట్టినా చేతికొచ్చిన పేకముక్కలు వేరు.

సీ అనే మూడో రూపం రెండు జాతుల్లోనూ చాలా కుక్కల్లో ఉంది. అది ఒక్కటే ఉంటే జబ్బు వచ్చేస్తుందని కాదు. ఏ, బీల బరువు తోడైతేనే ప్రమాదం పెరుగుతుంది. అందువల్ల రిపోర్టులో సీ దగ్గర రెండు ప్రతులు కనబడగానే బెంబేలెత్తకండి. మూడింటినీ కలిపి చదవాలి.

ఒక జాతిలో ఇన్ని కుక్కలకు ఒకే రూపం ఎలా వచ్చింది? జాతి కుక్కలంటేనే కొద్దిపాటి పూర్వీకుల నుంచి వచ్చినవి. ప్రదర్శనలో బహుమతి గెలిచిన ఒక మగ కుక్కను ఎందరో పెంపకందారులు జతకట్టిస్తారు. దాని అందంతో పాటు దానిలో దాగిన లోపం కూడా వందల ఇళ్లకు చేరుతుంది. తరాల తరబడి మేనరికాలు జరిగిన ఇళ్లలో డాక్టర్లు చేసే హెచ్చరిక వెనకున్న లెక్క కూడా ఇదే. దగ్గరి రక్తంలో ఒకే దాగిన లోపం రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే అవకాశం పెరుగుతుంది.

పరీక్ష ఎలా చేస్తారు?

పరీక్ష చేయించడం తేలిక. చెంప లోపలి వైపు చిన్న బ్రష్‌తో రుద్ది ఆరబెట్టి పంపవచ్చు, లేదా రక్తం ఇవ్వవచ్చు. పాలు తాగే పిల్ల అయితే తల్లి దగ్గర నుంచి కాసేపు వేరుగా ఉంచాకే బ్రష్ పెట్టాలి. లేకపోతే పిల్ల నోట్లో ఉన్న తల్లి కణాలు కలిసిపోయి ఫలితం తారుమారవుతుంది. తినిపించిన వెంటనే తీయకూడదు. రెండు కుక్కల బ్రష్‌లు ఒకే కవరులో పెట్టకూడదు. జన్యువులు వయసుతో మారవు కాబట్టి జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు.

పంపే ముందు ప్రయోగశాలను ఒక ప్రశ్న అడగండి: మూడు చోట్లా చూస్తారా, ఒక చోటేనా? ఒక్క జన్యువు చూసి ఇచ్చిన రిపోర్టు మూడో వంతు కథే చెబుతుంది. ఇంకో సంగతి, ఈ పరిశోధన జరిగింది కోలీలు, షెల్టీల మీద. మన ఇంటి పొమేరియన్‌కో, లాబ్రడార్‌కో, కలగలుపు కుక్కకో చేయించి ఆ ఫలితాన్ని ఇలాగే అన్వయించకూడదు.

రిపోర్టు తీర్పు కాదు

ప్రమాదం ఎక్కువ అని వస్తే కుక్కకు జబ్బు వచ్చినట్టు కాదు. తాకిడి లేకుండా హాయిగా బతికిన కుక్కలూ ఉంటాయి. తక్కువ అని వస్తే ఇక ఎప్పటికీ రాదని పూచీ కూడా కాదు. మూలం ఒంట్లో ఉన్నా దాన్ని రేపేది బయటిది. తీవ్రమైన ఎండ, వైరల్ జ్వరం, టీకా తర్వాత ఒంట్లో జరిగే ప్రతిస్పందన, ఎదకు రావడం, ఈనడం, ఇల్లు మారడం వంటి ఒత్తిళ్లు దాన్ని రేపే తాకిళ్లుగా పశువైద్యులు గుర్తించారు.

టీకా పేరు ఇందులో ఉందని కొందరు మొత్తం టీకాలే మానేస్తారు. అది పెద్ద తప్పు. మన దేశంలో రేబిస్ ఇంకా మనుషులను చంపుతోంది, లక్షణాలు వచ్చాక దానికి వైద్యం లేదు. పార్వో, డిస్టెంపర్ కుక్కపిల్లలను రోజుల్లో తీసుకుపోతాయి. చేయాల్సింది టీకా మానేయడం కాదు. రిపోర్టు డాక్టరుకు చూపించి, అన్నీ ఒకే రోజు కాకుండా వ్యవధి ఇచ్చి వేయించే పద్ధతి మాట్లాడుకోవాలి.

ఇక ఎండ. ఈ కుక్కలు స్కాట్లాండ్ కొండలు, షెట్లాండ్ దీవుల చలిలో పుట్టిన జాతులు. బరంపురం, షోలాపూర్, యానాంలో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో మనకు చెప్పనక్కర్లేదు. ప్రమాదం ఉన్న కుక్కను తెల్లవారుజామున, పొద్దుగూకాక మాత్రమే తిప్పండి. నీడ, గాలి ఉన్న చోట పడుకోనివ్వండి. గరుకు గచ్చు మీద కాకుండా మెత్తని గుడ్డ వేయండి. మోచేతుల దగ్గర రాపిడి తగ్గుతుంది.

జబ్బు వచ్చాక పూర్తిగా పోగొట్టే మందు లేదు. కానీ అదుపులో పెట్టే మార్గాలున్నాయి. రక్త ప్రసరణకు పెంటాక్సిఫిల్లిన్, విటమిన్ ఈ, చేపనూనెలోని ఒమేగా కొవ్వులు, జబ్బు ముదిరినప్పుడు కొద్ది రోజులు స్టెరాయిడ్ మందులు డాక్టర్లు వాడతారు. మోతాదు డాక్టరే చెప్పాలి. ఇంట్లో మనుషుల కోసం ఉన్న బిళ్ల విరిచి వేయకండి. మరి బతుకుతుందా అన్న ప్రశ్నకు, తేలికగా జబ్బు వచ్చిన కుక్కలు చాలావరకు మామూలుగా బతుకుతాయి. మింగలేని స్థితికి వచ్చినవాటికే గండం.

జతకట్టించే ముందు లెక్క

ఈ పరీక్ష అసలు ప్రయోజనం ఇంకా పుట్టని పిల్లలకు. ఒక ఉదాహరణ చూద్దాం. సీ రూపం అన్నింటిలో ఉందనుకుని పక్కన పెట్టి, ఏ, బీల సంగతే చూద్దాం.

తల్లికి ఏ చోట ఒకటి, బీ చోట ఒకటి ప్రమాద రూపం ఉంది. తండ్రికీ అంతే. రెండూ చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నాయి. వీటిని కలిపితే రెండు చోట్లా రెండేసి ప్రమాద రూపాలతో, అంటే అన్నింటికంటే ఎక్కువ బరువుతో పుట్టే అవకాశం ఒక్కో పిల్లకు 16లో 1. రెండు చోట్లా అసలు ఏ ప్రమాద రూపమూ లేకుండా పుట్టే అవకాశం కూడా 16లో 1. మిగతావి మధ్యలో ఎక్కడో ఉంటాయి. కళ్లకు ఏ తేడా లేని తల్లిదండ్రులకు జబ్బు పిల్ల పుట్టడం ఇలా జరుగుతుంది.

అదే తల్లిని, ఏ, బీ రెండు చోట్లా ప్రమాద రూపం లేని తండ్రితో కలిపితే? ఒక్క పిల్లకు కూడా ఏ చోట గానీ బీ చోట గానీ రెండేసి రూపాలు రావు. 4లో 1 వంతు అవకాశంతో పూర్తిగా తేలిక పిల్ల పుడుతుంది. ఇవి నాణెం ఎగరేసినట్టు అవకాశాల లెక్కలే. ఐదు పిల్లల కాన్పులో అచ్చం ఇలాగే రావాలని లేదు. కానీ ఎక్కువ బరువున్న పిల్ల పుట్టకుండా ఆపడం మాత్రం ఖాయంగా మన చేతిలో ఉంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. ప్రమాద రూపం ఒకటున్న ప్రతి కుక్కనూ పెంపకం నుంచి తీసేస్తే, ఉన్న కొద్ది కుక్కల్లో ఇంకా కొద్దివే మిగులుతాయి. వాటినే మళ్లీ మళ్లీ కలిపితే ఈ జబ్బు పోయి ఇంకొకటి పైకి వస్తుంది. జబ్బు బయటపడిన కుక్కను జతకట్టించకూడదు, అందులో మారుమాటే లేదు. ఆరోగ్యంగా ఉండి ఒకటి రెండు రూపాలు మోస్తున్న మంచి కుక్కకు మాత్రం తగిన జోడీ వెతకాలి. పరీక్ష ఉన్నది కుక్కలను వెలివేయడానికి కాదు, సరైన సంబంధం కుదర్చడానికి.

మన రాజపాళయం సంగతి

ఈ మాటలు పరాయి జాతులకే అనుకోనక్కర్లేదు. తమిళనాడులోని రాజపాళయంలో తరాలుగా స్థిరపడిన తెలుగు రాజుల ఇళ్లతో ముడిపడిన రాజపాళయం కుక్క మన వాళ్లందరికీ గర్వకారణం. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో బిళ్ల కూడా వేసింది. తెల్లని ఒళ్లు, గులాబీ రంగు ముక్కు కోసం తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చిన ఈ జాతిలో పుట్టు చెవుడు కనిపిస్తుందని పెంచేవాళ్లకు తెలుసు. జబ్బు వేరు, పాఠం ఒకటే. అందం కోసం ఎంచినప్పుడు దానితో పాటు ఏం వస్తోందో రాసి పెట్టుకోవాలి. ఏ తల్లికి, ఏ తండ్రికి, ఏ పిల్ల చెవిటిదో నోటుపుస్తకంలో రాసుకునే ఇల్లు ఆ జాతిని కాపాడుతుంది.

డబ్బు ఇచ్చే ముందు

కోలీ, షెల్టీ పిల్లను కొనబోయే ఇళ్లకు మేము చెప్పేది ఇంతే.

తల్లిదండ్రుల రెండింటి జన్యు రిపోర్టులూ అడగండి. తల్లిది ఒక్కటి చూపిస్తే సగం లెక్కే. రిపోర్టు మీద ఉన్న కుక్క పేరు, మైక్రోచిప్ నంబరు ఎదురుగా ఉన్న కుక్కవేనా సరిచూడండి. ఎండీఆర్1 ఫలితం కూడా అడగండి. ఆ తల్లి ఇంతకుముందు ఈనిన పిల్లల్లో దేనికైనా ముఖం మీద మచ్చలు వచ్చాయా అని నోరు తెరిచి అడగండి. వీలైతే తల్లిని కళ్లారా చూడండి. ముక్కు మీద, చెవుల కొసల్లో పాత మచ్చలు ఉంటే కనిపిస్తాయి.

పరీక్ష చేయించలేదని నిజాయితీగా చెప్పినవాళ్లను తప్పుపట్టకండి, చేయించమనండి. చేయించామని చెప్పి కాగితం చూపించనివాళ్ల దగ్గర మాత్రం బేరం ఆపండి. ఇప్పటికే ఇంట్లో ఉన్న కుక్కకు ప్రమాదం ఎక్కువని తేలితే దాన్ని తిప్పి పంపకండి, వీధిలో వదలకండి. ఎండ తగలకుండా చూసుకోండి, డాక్టరుకు రిపోర్టు చూపించండి, జతకట్టించకండి. ఆ మూడూ చేస్తే మీ వంతు చేసినట్టే. మిగతాది అది మీకు రోజూ గుమ్మంలో ఎదురొచ్చి చూపించే ప్రేమ.